ఒక స్టూడియో కిటికీ ఆత్మకథ

నేనొక కిటికీని. పారిస్‌లో బులవార్ దే కపుసీన్ అనే పెద్ద వీధిలో, 35వ నంబరు మేడకు అమర్చిన గాజు కిటికీని. 1860 ప్రాంతంలో నాదార్ అనే ఫోటోగ్రాఫర్ ఈ మేడలోకి వచ్చాడు. అసలు పేరు గాస్పార్ ఫెలిక్స్ టూర్నాషాన్. మొదట కార్టూనిస్టు. 1858లో బెలూన్ ఎక్కి ఆకాశం నుంచి ఫోటో తీసిన ఘనుడు. వీధిన పోయేవాళ్లందరికీ కనబడేలా తన సంతకాన్ని మేడ ముందు పెద్దపెద్ద అక్షరాలతో పెట్టించుకున్నాడు. ఆ రోజుల్లో ఫోటోకి పగటి వెలుతురే దిక్కు. అందుకే ఈ మేడలో గోడల కన్నా గాజుకే పెత్తనం ఎక్కువ.

నా వెలుతురులో జరిగే పని చెబుతాను వినండి. గాజు పలక మీద కొలోడియన్ అనే జిగట ద్రవం పోసి, నాలుగు మూలలకూ పారేలా వంచి, చీకటి గదిలో సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో ముంచేవారు. ఆ తడి ఆరేలోగా కెమెరాలో పెట్టాలి, ఫోటో తీయాలి, కడగాలి. అంతా పావుగంటలో ముగియాలి. ఆరిందా, ఆ పలక ఇక దండగే. పైగా దానికి రంగుల తేడా తెలియదు. నీలాకాశం తెల్లగా, ఎర్ర శాలువా నల్లగా పడేవి.

కదిలేవాటితో ఇంకో తంటా. 1838లో దగేర్ అనే తొలితరం ఫోటోగ్రాఫర్ ఇదే ఊళ్లో బులవార్ దు టాంపుల్ వీధిని ఫోటో తీస్తే, బొమ్మ పడటానికి చాలాసేపు పట్టడంతో కదిలే బళ్లూ జనమూ మాయమయ్యారు. బూట్లు పాలిష్ చేయించుకుంటూ కదలకుండా నిలబడ్డ మనిషి మాత్రం మిగిలాడు. తర్వాత పలకలు చురుకైనా, నడిచేవాళ్లు అలుక్కుపోయి పడేవారు. ఫోటోగ్రాఫర్లకు అదొక తలనొప్పి.

1873లో చిత్రకారుడు క్లాడ్ మోనే వచ్చి, ఇక్కడి నుంచే కింది వీధిని చిత్రించాడు. జనంలో ఒక్కొక్కరికి కుంచెతో ఒకటి రెండు నల్లటి వేట్లు, అంతే. ముఖాలు లేవు. కుడి అంచున టోపీలు పెట్టుకున్న ఇద్దరు పెద్దమనుషులు బాల్కనీలోంచి వంగి చూస్తుంటారు. చట్రం వాళ్లను నిర్దాక్షిణ్యంగా కోసేసింది. పాత పద్ధతి గురువులైతే వాళ్లను లోపలికి లాగేవారు, లేదా చెరిపేసేవారు. అలుక్కుపోవడం, అంచున తెగిపోవడం రెండూ ఫోటోగ్రాఫర్లు లోపాలనుకున్నవే. మోనే చేతిలో మొదటిది జనం నడక అయింది, రెండోది వీధి ఇంకా అవతలికి సాగుతోందన్న సూచన అయింది. ఇక పలకకు అందని రంగులన్నీ అతని సొంతం.

1874 నాటికి నాదార్ మకాం మార్చేశాడు. సలోన్ అనే ప్రభుత్వ చిత్ర ప్రదర్శన తీర్పులతో విసిగిన మోనే, రెన్వా, దెగా, పిసారో, బెర్త్ మొరిజో తదితర చిత్రకారులు, దాదాపు 30 మంది, ఇక్కడే సొంతంగా ప్రదర్శన పెట్టారు. ఏప్రిల్ 15 నుంచి నెల రోజులు. టికెట్ 1 ఫ్రాంకు. సుమారు 3,500 మంది వచ్చారు, చాలామంది నవ్విపోయారు. షారివారి అనే హాస్య పత్రికలో లూయీ లెర్వా ఆ వీధి చిత్రంలోని నల్ల మచ్చల్ని ఎగతాళి చేశాడు. మోనే గీసిన మరో చిత్రం ‘ఇంప్రెషన్, సూర్యోదయం’ పేరు పట్టుకుని వీళ్లందరినీ ఇంప్రెషనిస్టులన్నాడు. వెక్కిరింపుగా అన్నదే బిరుదై కూర్చుంది.

కెమెరా నుంచి నేర్చుకోవడంలో దెగా ఇంకా ముందుకు పోయాడు. గుర్రం పరుగులో ఏ కాలు ఎప్పుడు లేస్తుందో 1878లో మైబ్రిడ్జ్ అనే ఫోటోగ్రాఫర్ కెమెరాలు వరసగా పట్టి చూపాక, ఆ ఫోటోలు చూసి గుర్రాల బొమ్మలు వేశాడు. 1895లో తానే కెమెరా పట్టి స్నేహితుల్ని ఫోటోలు తీశాడు.

కెమెరా కొందరి పొట్ట కొట్టిన మాట నిజం. చిన్న రూపచిత్రాలు గీసి బతికేవాళ్లకు గిరాకీ పడిపోయింది. కానీ ఉన్నదున్నట్టు దించే చాకిరీ యంత్రం నెత్తికెత్తుకున్నాక, చూసిన క్షణాన్ని పట్టే పని చిత్రకారుడికి దక్కింది. మోనే వేసిన ఆ వీధి చిత్రాలు రెండున్నాయి. ఒకటి మాస్కోలో, ఒకటి అమెరికాలోని కాన్సస్ సిటీలో. ఎక్కడైనా మీ కంటబడితే ముందు కుడి అంచు చూడండి. కెమెరాకు మోనే ఎంత బాకీపడ్డాడో అక్కడ తెలుస్తుంది. తర్వాత రంగులు చూడండి. ఆ బాకీ ఎలా తీర్చాడో తెలుస్తుంది.