ఎడమ చైను సాక్ష్యం

ఓవిడ్ విగ్రహం అరుగుకు నన్ను చేరగిలవేసి ఇద్దరూ ఐస్‌క్రీం కొనుక్కోవడానికి వెళ్లారు. ఇది రుమేనియాలో నల్లసముద్రం ఒడ్డున ఉన్న కాన్‌స్టాంత్సా. నా పొడవు రెండు మీటర్ల పైమాటే. ఇంకో సైకిలైతే ఏ మూలనో ఒదుగుతుంది, నేను ఎక్కడ నిలబడినా సగం దారి నాదే. అందుకని వచ్చేపోయేవాళ్లు ఆగి చూస్తారు. ఇప్పుడూ ఒక పెద్దాయన ఆగాడు. మావాళ్లు తిరిగొచ్చేదాకా ఉండి, ఆవిడ వైపు వేలు చూపించి, కాళ్లు ఆడించి, చేతులు తిప్పేశాడు. భాష రాకపోయినా అర్థమైంది: వెనకావిడ తొక్కడం లేదుగా!

అట్లాంటిక్ ఒడ్డు నుంచి ఇక్కడి దాకా పది దేశాల్లో, ఎవరి భాషలో వాళ్లు, ఈ ఒక్క హాస్యమే ఆడారు. ఆడిన ప్రతివాడూ తనకే మొదట తోచిందనుకుని మురిసిపోయాడు. ఆవిడ ఎప్పటిలాగే నవ్వేసింది. ఒళ్లు మండింది నాకు.

నేను ట్యాండెమ్ సైకిల్‌ను. ఒకరి వెనక ఒకరు కూర్చుని ఇద్దరూ తొక్కే బండిని. మీ వైపు డబుల్స్ అంటే ఒకరు తొక్కుతుంటే ఇంకొకరు కారియర్ మీద కాళ్లు ఊపుకుంటూ కూర్చోవడం. నా దగ్గర ఆ సుఖం లేదు. ముందు పెడళ్లనూ వెనక పెడళ్లనూ ఎడమవైపు ఒక చైను కలిపి ఉంచుతుంది. కుడివైపు చైను ఆ ఇద్దరి బలాన్నీ వెనక చక్రానికి అందిస్తుంది. ఒకరు కాళ్లు ఆపితే రెండోవారివీ ఆగుతాయి. ఒకరు తొక్కుతుంటే రెండోవారికి ఓపిక లేకపోయినా కాళ్లు తిరుగుతూనే ఉంటాయి. లోకానికి అక్కడే అనుమానం. ఎవరు తొక్కుతున్నారో, ఎవరు తొక్కుతున్నట్టు కనిపిస్తున్నారో బయటివాళ్లకు తెలియదు. ఒక్కోసారి తొక్కేవాళ్లకే తెలియదు. నాకు తెలుసు. ముందాయన బలం పెడితే ఎడమ చైను పై వరస తీగలా బిగుస్తుంది. ఆయన మానేసి, వెనకావిడే ఆయన కాళ్లను కూడా తిప్పుతుంటే పై వరస వదులై కింది వరస బిగుస్తుంది. ఇందులో బొంకడానికేమీ లేదు.

బ్రేకులు, గేర్లు, మలుపులు అన్నీ ముందాయన చేతిలోవే. వెనకావిడకూ ఒక హ్యాండిల్ ఉంది. కానీ దాన్ని ముందు సీటు కింది గొట్టానికి బిగించేశారు. అది తిరగదు, పట్టుకోవడానికి మాత్రమే. ఎదురుగా ఆవిడకు కనిపించేది దారి కాదు, ఆయన వీపు. ఈ ప్రయాణంలో ఆయన మెడ వెనక తోలు ఎండకు మూడుసార్లు ఊడింది. ఆ సంగతి ఆవిడకు తెలిసినంతగా ఆయనకు తెలియదు.

మావాళ్లది బెల్జియంలోని గెంట్. ఆయన వడ్రంగి. ఆవిడ బడిలో పిల్లలకు లాటిన్ చెప్పి రిటైరైంది. నన్ను సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. కొన్న రోజునే ఆవిడ నా పేరు గుట్టు విప్పింది. లాటిన్‌లో ట్యాండెమ్ అంటే చిట్టచివరికి, ఇన్నాళ్లకు అని. దాన్ని ఇంగ్లీషులో ‘ఎట్ లెంగ్త్’ అంటారట. ఆ మాటను పొడవుకూ లాగొచ్చు కదా అని 18వ శతాబ్దంలో ఇంగ్లండులోని కొంటెవాళ్లు, గుర్రాలను ఒకదాని వెనక ఒకటి పూన్చిన బండికి ఈ పేరు తగిలించారు. తర్వాత గుర్రాల చోటికి మనుషులొచ్చారు. ఎవరి పరాచికమో నాకు పేరై కూర్చుంది.

మే మొదటి వారంలో, ఫ్రాన్స్‌లో ల్వార్ నది సముద్రంలో కలిసే సాం-బ్రెవాఁ దగ్గర బయల్దేరాం. అక్కడ తీరంలో ఒక పాము అస్థిపంజరం ఉంది. హువాంగ్ యోంగ్ పింగ్ అనే శిల్పి అల్యూమినియంతో చేసింది, సుమారు 130 మీటర్లు. పోటు వచ్చినప్పుడు నీళ్లలో, పోయినప్పుడు ఇసుకలో ఉంటుంది. దాన్ని చూశాక నా పొడవు గురించి నాకున్న బెంగ తీరిపోయింది. నా వెనక చక్రాన్ని అలల్లో తడిపారు. ముందు చక్రం తడిసేది అవతలి సముద్రంలోనే అని ఒప్పందం. ఈ రెంటి మధ్యా నదుల వెంట పోయే దారి పేరు యూరోవెలో 6, నాలుగు వేల కిలోమీటర్ల పైచిలుకు.

ల్వార్ ఒడ్డు కోటల గురించి వాళ్లు ఇంకా చెప్పుకుంటూనే ఉన్నారు. నాకు గుర్తున్నవి గేట్లు. సైకిల్ దారిలోకి మోటారు బండ్లు రాకుండా వంకరగా పాతిన గేట్లు. మామూలు సైకిల్ మెలి తిరిగి దాటేస్తుంది. నాకు మాత్రం సంచులన్నీ దింపాలి, ముందు కాళ్లెత్తిన గుర్రంలా నన్ను నిలబెట్టాలి, ఒకరు లాగాలి, ఒకరు తొయ్యాలి.

జర్మనీలో డాన్యూబ్‌ను అందుకున్నాం. అందుకున్నామనడం కూడా ఎక్కువే. ఇమ్మెండింగెన్ దగ్గర నది లేదు. సున్నపురాయి పగుళ్లలోకి నీళ్లు ఇంకిపోయి, రాళ్లు తేలి ఉన్నాయి. ఏటా చాలా రోజులు ఇంతేనట. ఇంకిన నీళ్లు ఓ పన్నెండు కిలోమీటర్ల అవతల ఊటగా పైకొచ్చి రైన్ నదిలో కలుస్తాయి. అంటే నల్లసముద్రానికి పోవాల్సిన నీళ్లు ఉత్తర సముద్రానికి పోతాయి. నది వెంట పోదామని వచ్చి, నది లేని రాళ్ల మీద నిలబడి, మావాళ్లు పెద్ద గొడవ పెట్టుకున్నారు.

“గేరు మార్చే ముందు చెప్పమని ఎన్నిసార్లు చెప్పాను?”

“చెప్పాను.”

“నీ గడ్డానికి చెప్పావు. నాకేం వినపడలేదు.”

చెరో సైకిల్ మీద వచ్చిన దంపతులకు గొడవైతే ఒకరు కిలోమీటరు ముందుకు పోతారు, కోపం చల్లారాక చెట్టు కింద కలుసుకుంటారు. నా మీద అలా కుదరదు. అలిగినా మూరెడు దూరంలోనే అలగాలి. అయితే ఒకటి, కోపమొస్తే ఇద్దరూ గట్టిగా తొక్కుతారు. ఆ సాయంత్రం ట్యూట్లింగెన్ దాకా పోయినంత జోరుగా నేను మళ్లీ ఎప్పుడూ పోలేదు.

డాన్యూబ్‌కు కిలోమీటర్లు పుట్టిన చోటు నుంచి లెక్కపెట్టరు. సముద్రం దగ్గరి సులీనాలో సున్నా పెట్టుకుని ఎగువకు లెక్కపెడతారు. కాబట్టి దిగువకు పోయేవాళ్లకు పడవల కోసం ఒడ్డున పాతిన పలకల మీద అంకెలు తగ్గుతూ వస్తాయి. పాసావులో 2226, వియన్నాలో 1929, బుడాపెస్ట్‌లో 1647, బెల్‌గ్రేడ్‌లో 1170. ఆయనకు ఆ అంకెలంటే ప్రాణం. కనిపించిన ప్రతి పలకనూ గొంతెత్తి చదివేవాడు. ఆవిడ పక్కలకు చూసేది. కరెంటు స్తంభాల మీది కొంగగూళ్లు, పెరట్లో ఆరేసిన దుప్పట్లు, కిటికీల్లోంచి చూసే ముసలమ్మలు ఆవిడ వంతు. గుంతలు ఆయన వంతు.

సెర్బియాలో, ఇనుప ద్వారాలనే చోట నది కొండలను కోసుకుంటూ పోతుంది. అక్కడ సొరంగాల వరస. ఒక సొరంగంలో నా వెనక చక్రం పుల్ల ఒకటి టింగుమని తెగింది. నా చక్రానికి 40 పుల్లలు, ఒకటి తెగితే కూలిపోను. కానీ తెగింది గేర్ల వైపు. కొత్త పుల్ల వెయ్యాలంటే గేర్ల గుత్తిని ఊడదియ్యాలి. మర విప్పే పనిముట్టు ఆయన దగ్గర ఉంది. విప్పేటప్పుడు గుత్తి గిర్రున తిరగకుండా పట్టి ఉంచే కడ్డీ మాత్రం గెంట్‌లో బల్ల మీదే ఉండిపోయింది. ఆయన నెత్తి పట్టుకున్నాడు. ఆవిడ సంచిలోంచి పాత చైను ముక్క తీసి, గుత్తి పళ్లకు చుట్టి, రెండు కొసలూ పిడికిట బిగించి, “ఇప్పుడు తిప్పు” అంది. మిగతాది ఆయన పని. వడ్రంగి కదా, చెవి మంచిది. పుల్లల్ని ఒక్కొక్కటే మీటి, శ్రుతి తప్పినదాన్ని బిగించి, చక్రం వంకర తీశాడు.

చెర్నవోడా దగ్గర లెక్క 300కి వచ్చింది. నది ఉత్తరానికి, మా దారి తూర్పుకు. సున్నా చూడకుండానే నదిని వదిలేయాలంటే ఆయన ముఖం చిన్నబోయింది. ఎడమ మోకాలు నొప్పి అప్పటికే రెండు రోజులుగా ఉంది. ఆ మాట ఆయన చెప్పలేదు. పెడల్ మీద పాదం పడే తీరును బట్టి నేను పట్టాను.

ఊరు దాటగానే పొద్దుతిరుగుడు చేల మధ్య ఒక ఎత్తు. ఎత్తంటే నాకు భయమే. దిగుడులో నన్ను పట్టేవాళ్లు ఉండరు కానీ, ఎక్కుడులో ముసలి గేదెలా నడుస్తాను. ఆయన భుజాలు ఊగుతున్నాయి, వగర్పు వినబడుతోంది, కాళ్లు తిరుగుతున్నాయి. కానీ ఎడమ చైను పై వరస వేలాడిపోయింది. కింది వరస బిగిసి కిర్రుమంటోంది. ఆవిడ నన్ను తొక్కుతోంది, నా మీది నాలుగు సంచుల్నీ తొక్కుతోంది, ఆయన్నీ తొక్కుతోంది. పైకి చేరేదాకా పై వరస ఒక్కసారి కూడా బిగియలేదు.

పైన ఆగి నీళ్లు తాగారు. “చూశావా, ఎక్కడా కాలు కింద పెట్టకుండా ఎక్కించాను” అన్నాడాయన.

“ఔను, గట్టివాడివే” అంది ఆవిడ.

న్యాయంగా అయితే ఇంకొకటీ చెప్పాలి. ల్వార్ ఒడ్డున మూడు మధ్యాహ్నాలు భోజనం చేసి ఎక్కాక ఆవిడ కునికిపాట్లు పడింది. కాళ్లు ఊరికే తిరిగాయి. ఆయన గ్రహించే ఉంటాడు. ఆ మూడు రోజులూ అంకెలు కాదు కదా, ఊరి పేర్లు కూడా పైకి చదవలేదు.

నిన్న సాయంత్రం ముందు చక్రం నల్లసముద్రంలో తడిసింది. ఫొటో తియ్యమని ఎవరినో బతిమాలారు. ఇద్దరూ నాకు అటొకరు ఇటొకరు నిలబడబోయి, మళ్లీ ఆగి, ఒకే వైపు వచ్చారు.

ఇవాళ ఓవిడ్. క్రీస్తుశకం 8లో అగస్టస్ చక్రవర్తి ఈ కవిని రోమ్ నుంచి ఇక్కడికి వెళ్లగొట్టాడు. అప్పుడీ ఊరు తోమిస్. భార్య రోమ్‌లో ఉండిపోయింది. ఆమెకు పద్యాల్లో ఉత్తరాలు రాస్తూ ఇక్కడే పోయాడు. గడ్డం కింద చెయ్యి పెట్టుకున్న ఆ కంచు మనిషిని ఆవిడ చాలాసేపు చూసింది. “ఇన్నేళ్లు నీ పద్యాలు చెప్పాను. చలి, మంచు, గడ్డకట్టిన డాన్యూబ్ అని ఒకటే ఏడ్చావు. ఈ ఎండ సంగతి ఒక్క ముక్క రాయలేదేం?” అంది. చేతిలో ఐస్‌క్రీం మణికట్టు దాకా కారుతోంది.

ఇంటికి రైల్లో పోవాలి. ఇంత పొడుగుది ఎక్కదని టికెట్ల కిటికీ దగ్గర చెప్పేశారు. చాలా రైళ్లలో నాలాంటివాళ్లకు ఇదే మర్యాద. అదృష్టవశాత్తు నా గొట్టాలకు మధ్యలో మరలు తిరిగే కీళ్లున్నాయి, విప్పితే మూడు ముక్కలవుతాను. దిగిన ఇంటి పెరట్లో పాత దుప్పటి పరిచి మొదలుపెట్టారు. ఆయన కీళ్లు విప్పాడు. ఎడమ చైను తీసి, చుట్టచుట్టి, చిరిగిన మేజోడులో పెట్టాడు. ముందు ముక్క, నడిమి ముక్క, వెనక ముక్క అట్టపెట్టెలో సర్దాక మూత పడలేదు. వెనక హ్యాండిల్ అడ్డం వచ్చింది.

ఆవిడ బోల్టు వదులు చేసింది. రెండు చేతులతో పట్టుకుని ఎడమకు తిప్పింది. తిరిగింది. కుడికి తిప్పింది. అదీ తిరిగింది.

“పట్టిందిగా, చాల్లే” అన్నాడాయన మూత పట్టుకుని.

ఆవిడ ఇంకోసారి తిప్పింది.