నన్ను బచేలి వైపు నుంచి చూడండి

నేను కొత్తవలస–కిరండూల్ రైలు మార్గాన్ని. విశాఖ వాళ్ల నోట కేకే లైనుని. నా పేరెత్తగానే అందరికీ గుర్తొచ్చేది అరకు, బొర్రా గుహలు, సొరంగం రాగానే పిల్లలు పెట్టే కేకలు. 2017లో అద్దాల బోగీ వచ్చాక ఆ పేరు ఇంకా పెరిగింది. ఆ సంతోషాన్ని నేను తక్కువ చేయను. కానీ నా పొడవు దాదాపు 445 కిలోమీటర్లు. అరకు చేరేసరికి అందులో నాలుగో వంతు కూడా పూర్తికాదు. అక్కడ దిగి వెనక్కి మళ్లినవాళ్లు నన్ను చూశామంటే నాకు లోటుగానే ఉంటుంది. ఒక్క పగటి ప్రయాణంలో నన్ను తెలుసుకోవాలంటే గనుల చెంతనున్న బచేలిలో ఎక్కి సముద్రం వైపు రావాలి. నన్ను వేసింది ఆ దిక్కుగా దిగే బరువు కోసం. ఆ బరువు వెంట వస్తేనే ఏ వంపు, ఏ సొరంగం ఎందుకుందో అర్థమవుతుంది.

నా పుట్టుకే దానికి సాక్ష్యం. బైలాడిలా కొండల్లోని మేలురకం ఇనుపరాయిని జపాన్ ఉక్కు కర్మాగారాలకు పంపాలని 1960లో ఒప్పందం కుదిరింది. గనులు బస్తర్ అడవిలో, రేవు విశాఖలో, మధ్యలో తూర్పు కనుమలు. గనులనూ రేవునూ కలపడానికి దండకారణ్య–బొలంగీర్–కిరిబురు పథకం కింద నన్ను వేశారు. 1966–67 నాటికి దారి తెరుచుకుంది. 1968లో కిరండూల్ దగ్గరి 14వ డిపాజిట్ గని, 1977లో బచేలి దగ్గరి 5వ డిపాజిట్ గని పనిలోకి దిగాయి. 1980 తర్వాత రెండేళ్లలో నా మీద కరెంటు తీగలు పరిచారు. ఇందులో ఎక్కడా ప్రకృతి అందాల ఊసు లేదు. నా మీద పాసింజరు నడవడమే గూడ్సుల సందు చూసుకుని. బచేలి సైడింగులో నిలబడ్డ వ్యాగన్‌లోకి ఒకసారి తొంగి చూడండి. రాయి సగానికి మించి ఉండదు, రెండు కుప్పలుగా చక్రాల మీదికి పడి ఉంటుంది. ఖాళీగా పంపుతున్నారేమిటని కొత్తవాళ్లు అనుకుంటారు. ఆ రాయి బరువు అలాంటిది, అంచుదాకా నింపితే ఇరుసులు మోయలేవు. నా కింద పరిచిన కంకర కూడా అక్కడ ఎర్రగా ఉంటుంది, దూరం పోయేకొద్దీ మెల్లగా తన బూడిద రంగుకు వస్తుంది.

పొద్దున్నే కిరండూల్‌లో బయల్దేరిన పాసింజరును బచేలిలో అందుకుంటే ఎడమచేతి వైపు బైలాడిలా గోడలా సాగుతుంది, పైన ఆకాశ్‌నగర్, కింద ఆ గనులు తవ్వే ఎన్‌ఎండీసీ సంస్థ కాలనీ. భాన్సీ, కమలూరు దాటాక దంతెవాడ, శంకిని, డంకిని నదులు కలిసేచోట దంతేశ్వరి అమ్మవారి గుడి ఉన్న ఊరు. గీదం దాటితే గుగ్గిలం చెట్లు, ఇప్పచెట్లు. బోగీలో హల్బీ, గోండీ, హిందీ, ఒడియా వినిపిస్తాయి, గనుల్లో పనికి వచ్చి స్థిరపడ్డ కుటుంబాల తెలుగూ వినిపిస్తుంది. జగదల్‌పూర్ సుమారు 550 మీటర్ల ఎత్తు. అక్కడి నుంచి రేవుకు దిగడమే కదా అనుకుంటారు, కాదు. నిండు గూడ్సు జయపురం దాటి కొరాపుట్ ఘాట్ ఎక్కాలి, ఎక్కుతూ 996 మీటర్ల ఎత్తున ఉన్న శిమిలిగుడ చేరాలి. ఒకప్పుడు బ్రాడ్‌గేజ్ మీద దేశంలోనే ఎత్తైన స్టేషన్‌గా దానికి పేరుండేది. అంత ఎక్కాకే బొర్రా, చిమిడిపల్లి, త్యాడ, శివలింగపురం మీదుగా బొడ్డవర మైదానానికి దిగడం. నాకున్న 58 సొరంగాలు ఆ ఎక్కుడు దిగుడులకు కట్టిన మూల్యం. అరకు నుంచి వచ్చినవాడికి కనిపించేది దాదాపు దిగుడు ఒక్కటే.

అరకు దాటాక అంతా చదునే, చూడటానికేముంది అంటారు కొందరు. జయపురం–కొరాపుట్ ఘాట్‌ను పగలు చూసినవాళ్లు ఆ మాట అనరు. విశాఖలో పొద్దున ఎక్కితే దంతెవాడ చేరేసరికి చీకటి పడుతుంది, అందుకే అక్కడేమీ లేదనిపిస్తుంది. మరొకరు భద్రత మాట ఎత్తుతారు. ఆ మాటను నేను తోసిపుచ్చలేను. మావోయిస్టుల వల్ల నా పట్టాలు దెబ్బతిన్న రోజులున్నాయి, పాసింజరును దంతెవాడలోనే ఆపేసిన రోజులున్నాయి. ఆపిన రోజున ఆగడమే సరి. బండి నడిచే రోజున మాత్రం ఆ భయం పేరుతో బస్తర్‌ను మొత్తంగా మరిచిపోవడం అన్యాయం, అక్కడి జనం రోజూ ఎక్కేది ఈ బండే. బచేలిలో వినిపించే తెలుగును తలచుకుంటే నాకు మరో కొండదారి గుర్తొస్తుంది. రొమేనియాలోని కార్పాతియన్ కొండల్లో సెకెయ్ ప్రాంతంలో హంగేరియన్ మాట్లాడతారు. పెంతెకోస్తు పండుగకు బుడాపెస్ట్ నుంచి యాత్రికుల రైలు అక్కడి చిక్‌షొమ్‌యో క్షేత్రానికి వెళ్తుంది, హంగేరీ పాత సరిహద్దు ఉన్న గిమేష్ కనుమ దాకా సాగుతుంది. తమ మాట వినిపించే ఊళ్లకు అంతదూరం వెళ్తారు. తెలుగు వినిపించే బచేలికి తెలుగు యాత్రికులు రావడానికి దారి లేదనడానికి లేదు, నేనున్నాను.

అన్నింటికన్నా బరువైన అభ్యంతరం ఇంకొకటి. తవ్వి గాయం చేసిన నేలను అందం పేరుతో చూడటం తగునా అన్నది. ఖనిజపు మట్టితో శంకిని ఎర్రబడిన సంగతి ఆ ఒడ్డున బతికేవాళ్లకు తెలుసు. 2019 జూన్‌లో 13వ డిపాజిట్ తవ్వకం వద్దని, నందరాజ్ కొండ తమ దేవుడని వేలమంది ఆదివాసీలు కిరండూల్‌లో ఎన్‌ఎండీసీ ముందు రోజుల తరబడి బైఠాయించారు. అందుకే నేను అరకు దగ్గర ఆగవద్దంటున్నాను. అక్కడ ఆగినవాడికి నేను లోయల పక్కన మలుపులు తిరిగే దారిని మాత్రమే. బచేలి నుంచి వచ్చినవాడికి ఆ రాయి ఏ కొండ నుంచి ఊడివచ్చిందో, ఆ కొండను ఎవరు మొక్కుతారో, ఆ మట్టి ఏ నీళ్లలో కలిసిందో తెలుస్తుంది. నా పక్కన రెండో లైను పరుస్తున్నారు, అది పూర్తయితే దిగే రాయి ఇంకా పెరుగుతుంది. ఆ పెరుగుదల గురించి విశాఖలోనో హైదరాబాదులోనో మాట్లాడేవాళ్లలో కొందరైనా ముందుగా బచేలి స్టేషన్‌లో టికెట్ తీసుకుని రావాలని నేను కోరుతున్నాను.