పక్క పేరు

2025 ఉగాది మర్నాడు పారిస్‌లో వచ్చిన తీర్పు రెండు రోజుల్లో నాగలమడిక చేరింది. తెచ్చింది మేష్ట్రు. రిటైరైనప్పటి నుంచి సాయంత్రమైతే సుబ్రహ్మణ్యస్వామి గుడి దారిలోని టీ అంగట్లో ఆయన స్టూలు ఆయనదే. చేతిలో రెండు పేపర్లు, ఒకటి కన్నడం, ఒకటి తెలుగు. పావగడ తాలూకా కర్ణాటకదే అయినా మూడు దిక్కులా ఆంధ్రానే కాబట్టి, అక్కడ బోర్డులు కన్నడంలో, తగువులు తెలుగులో.

"ఫ్రాన్సులో మరీన్ లె పెన్ అని ఒకామె. రేపో మాపో ఆ దేశానికి అధ్యక్షురాలు అయితాదనుకుండ్రి. మొన్న సోమవారం కోర్టు ఏం చేసిందో తెలుసునా?" అన్నాడు.

చెరువు పూడిక పని దిగి వస్తున్న పక్క పల్లెల వాళ్లు గడ్డపారలు ఆనించి కూర్చున్నారు. వాళ్ల హాజరు వేసే కాయకబంధు కూడా ఫోన్ చూసుకుంటూ బెంచీ చివర సర్దుకున్నాడు. చుట్టూ 13,000 ఎకరాలు సోలార్ పార్కు కింద కౌలుకు పోయినాక చేలల్లో కూలి తగ్గింది. ఇప్పుడు చాలా ఇళ్లకు ఉపాధి పట్టీలో పేరు ఉండటమే ఆదరువు. ఏప్రిల్ ఒకటి నుంచి రోజుకూలి 349 నుంచి 370 రూపాయలైంది. ఆ ముచ్చట ముగిశాకే మేష్ట్రుకు వంతు వచ్చింది.

ఆయన చెప్పడం బాగా చెప్తాడు. ఐరోపా పార్లమెంటులో ప్రతి సభ్యుడికీ సొంత జీతం కాక, సహాయకుల సంబళం కోసం నెలకు ఇరవై వేల యూరోల పైనే ఇస్తారు. షరతు ఒక్కటే, ఆ మనిషి పార్లమెంటు పనే చేయాలి. ఈమె తన పార్టీ ఆఫీసు మనుషుల్ని ఆ పద్దులో ఎక్కించింది. చివరికి తన బాడీగార్డును కూడా.

"బాడీగార్డు ఏం రాస్తాడు సామీ పార్లమెంటులో?"

"అదే కదా వాళ్లూ అడిగింది!"

2016 డిసెంబరులో పార్లమెంటు లెక్క తీసింది. కాథరిన్ గ్రిజె అనే ఒక్క సహాయకురాలి పేరు మీదే 2,98,497 యూరోలు తిరిగి కట్టమంది. మన డబ్బుల్లో రెండున్నర కోట్ల పైమాటే. ఆమె కట్టలేదు. పని జరగలేదని మీరే రుజువు చేయండి అంటూ లక్సెంబర్గ్ కోర్టుకెక్కింది. 2018లో ఆ కోర్టు అడ్డంగా తలూపింది. సొమ్ము తీసుకున్నవాళ్లే పని జరిగిందని చూపాలట. 2019లో పైకోర్టూ అంతే. వాళ్ల నాయన జాన్ మరీ లె పెన్‌కు 3,20,026 యూరోల కేసులో అంతకు ముందే ఇదే మాట చెప్పారు. అన్ని మెట్లూ ఎక్కి దిగి, 2023లో ఆమె కట్టింది. కడుతూ కూడా తప్పు ఒప్పుకోలేదు.

కట్టినా క్రిమినల్ కేసు పోలేదు. మార్చి 31న నాలుగేళ్ల శిక్ష, అందులో రెండేళ్లు సస్పెండ్, లక్ష యూరోల జరిమానా. ఐదేళ్లు ఎన్నికల్లో నిలబడకూడదు, అదీ తక్షణమే అమలు. అప్పీలుకు పోతానని ఆమె అదే రోజు చెప్పింది. సర్కారు సొమ్ము తిన్నవాళ్లను జన్మంతా పోటీ చేయనీయకూడదని 2013లో టీవీలో అడిగింది కూడా ఈమే.

"ఆ గ్రిజె ఉండాదే, ఏడాది అటూఇటూలో పార్లమెంటు లోపల గడిపింది మొత్తం సుమారు పన్నెండు గంటలంట. గేటు కార్డు లెక్క."

"రోజుకు రెండుసార్లు ఫోటో తీసేవాళ్లు లేకపాయనా ఆడ?" అంది ఒక అవ్వ. మొహమంతా మట్టి. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, ఫోన్లో ఫోటో ఎక్కకుంటే ఆమెకు ఆ రోజు కూలి లేదు.

"లేదవ్వా. ఉంటే ఇంత కథ ఏంటికి?" అని మేష్ట్రు చివరిది బయటికి తీశాడు. జూలియన్ ఒదూల్ అని ఒక కుర్రవాడు. ఒక సభ్యురాలికి సహాయకుడిగా కుదిరి నెలనెలా సంబళం తీసుకున్నాడు. నాలుగు నెలలైనాక లె పెన్‌కు ఒక ఉత్తరం పెట్టినాడు. పార్లమెంటు ఒకసారి చూడాలనుంది, నేను ఎవరి కింద పని చేస్తున్నానో ఆ సభ్యురాలిని కూడా కలిసినట్టవుతుంది అని.

అంగడి ఘొల్లుమంది. ఒకడికి టీ పొలమారింది. అందరికంటే గట్టిగా నవ్వింది కాయకబంధు. మేష్ట్రు కండ్లజోడు తుడుచుకుంటూ, "తిన్నది కక్కించినారు. నాయమంటే అదీ. మన తట్టు ఎవురు అడుగుతారు?" అన్నాడు.

అవ్వ మటుకు నవ్వలేదు. గ్లాసు కింద పెట్టి, కొంగుతో మొహం తుడుచుకుంది.

"మేష్ట్రూ, మీ చిన్నకోడలు బెంగుళూరు నుంచి ఎప్పుడొస్తాది నాయనా?"

"ఏమవ్వా, యాలా?"

"ఏంల్యా. మొన్న మా మనవడు ఫోన్లో పట్టీ చదివినాడు. నా పేరు కిందనే ఆ పాప పేరు. పోయిన సంక్రాంతి నుంచి నా పక్కనే మన్ను మోస్తా ఉండాదంట. వస్తే ఒకతూరి సూపీయండి."