తూటా చేసేవాడు ఎవరి పక్క?

మా రోజుల్లో తూటాలు కొనడానికి పోతే అంగడాయన ముందు సేద్యం సంగతి అడిగేవాడు. చేన్లోకి పందులు దిగుతున్నాయా, రాత్రి కావలికి ఎవరు పోతున్నారు, పోయినసారి ఇచ్చినవి తేమ పట్టలేదు కదా అని. అన్నీ విన్నాక లైసెన్సు పుస్తకం తీసుకుని, వెనక పేజీల్లో తేదీ, ఎన్ని ఇచ్చిందీ రాసి, ముద్ర గుద్ది, అప్పుడు అట్టపెట్టె చేతికిచ్చేవాడు. ఎర్రటి అట్టగొట్టం, అడుగున ఇత్తడి బిళ్ళ. ఒకటి తీసి చెవి దగ్గర ఆడించి, లోపల రవ్వలు కదులుతున్నాయేమో చూసేవాడు మా నాయన. కదిలితే మార్చి ఇచ్చేవాడు అంగడాయన. అమ్మేవాడికీ కొనేవాడికీ మధ్య ఆ మాత్రం నమ్మకం ఉండేది.

మాది పలమనేరు పక్క అడవంచు పల్లె. మా ఇంట్లో తుపాకి మూడు తరాలుగా ఉంది. మా జేజినాయన కాలానికి చిత్తూరు జిల్లా ఇంకా మద్రాసు రాష్ట్రంలోనే ఉంది. మద్రాసు మౌంటు రోడ్డులో గడియారాలు అమ్మే పి. ఓర్ అండ్ సన్స్ వాళ్ళే తుపాకులూ అమ్మేవాళ్ళు. జోడు గొట్టాల తుపాకి ఒకటి అక్కడ కొని రైల్లో తెచ్చుకున్నాడంట. తూటాలు ఇంగ్లండు నుంచి వచ్చే ఈలీ కంపెనీవి. అంత స్తోమత లేని రైతులు కేపు తుపాకితో సరిపెట్టుకునేవాళ్ళు. గొట్టంలో మందు పోసి, పీచు కుక్కి, రవ్వలేసి, మళ్ళీ పీచు కుక్కి, ఇనుప కడ్డీతో దట్టించి, చివర్న కేపు పెట్టి కాల్చాలి. పందిని పడగొట్టడానికి కాదు, ఎక్కువసార్లు బెదరగొట్టడానికే. ఉత్త మందు దట్టించి పేలిస్తే చాలు, ఆ మోతకు పందుల మంద గట్టు దాటి పోయేది.

అడవిని చూసి భయపడ్డానికి అప్పుడు కారణాలు ఉండేవి. బెంగుళూరు వేటగాడు కెన్నెత్ ఆండర్సన్ రాసిన మనుషుల్ని తినే పులుల కథల్లో తిరుపతి పక్క మామండూరు, భాకరాపేట పక్క చామల ఊరికే రాలేదు. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చి వేట ఆగింది. ఆగడం మంచిదే. నేను దాన్ని తప్పుపట్టే మనిషిని కాదు. అడవి నిలవాలంటే అడవిలో ఉండేవి నిలవాలి. నా బాధంతా చేను కాపాడుకునే రైతును కూడా వేటగాడి కిందే లెక్కేయడం మీద.

చట్టం అలా చెప్పలేదు. 1959 ఆయుధాల చట్టం 13వ సెక్షన్ చదవండి. పంట కాపాడుకోవడానికి నోటిగుండా మందు పోసే తుపాకి కావాలని నిజంగా అవసరమున్న పౌరుడు అడిగితే లైసెన్సు ఇవ్వాల్సిందేనంటుంది. ఆ తుపాకి చాలదని అధికారికి నమ్మకం కలిగితే వేరే నునుపు గొట్టం తుపాకి కూడా ఇవ్వొచ్చంటుంది. కాదనాలంటే 14వ సెక్షన్ ప్రకారం కారణం కాగితం మీద పెట్టాలి. ఇంకో మాట కూడా ఉంది అందులో: ఆస్తి చాలినంత లేదన్న ఒక్క కారణంతో లైసెన్సు నిరాకరించకూడదు. రెండెకరాల రైతును కూడా దృష్టిలో పెట్టుకుని ఎవరో మంచి మనసుతో రాసిన వాక్యం అది.

ఇప్పుడు జరిగేదేమిటి? మా ఊరి వాళ్ళ పాత లైసెన్సులు ఒక్కొక్కటే పోతున్నాయి. తండ్రి చనిపోతే కొడుకు పేరుకు మార్చమని అర్జీ పెడితే ఆ కాగితం ఏ బల్ల మీద పడుకుందో చెప్పేవాడుండడు. ఒక కార్యాలయంలో నన్ను అడిగారు, ‘ఈ కాలంలో నీకు తుపాకి ఎందుకు పెద్దాయనా’ అని. చెరుకు తోటలోకి ఏనుగులు దిగిన రాత్రి వచ్చి చూడమన్నాను. 2022 ఏప్రిల్‌లో పాత జిల్లా చీలి తిరుపతి ఒకటి, చిత్తూరు ఒకటి అయ్యాయి, మదనపల్లె పక్క అన్నమయ్యలోకి పోయింది. ఆ చీలికలో మా బంధువుల ఫైలు ఎటు పోయిందో వెతుక్కోవడమే ఒక పని అయింది. అదే లైసెన్సు పెద్ద కాంట్రాక్టరుకో, కార్ల వరసతో తిరిగే నాయకుడికో అయితే ఆలస్యం ఉండదు. వాళ్ళకు నడుముకు పెట్టుకునే రివాల్వరు దొరుకుతుంది. రైతుకు పందిని తరిమే కేపు తుపాకి దొరకదు.

ఎన్నికలొస్తే ఇంకో తంతు. తుపాకి తెచ్చి స్టేషన్లో అప్పగించాలి. 2021లో ఫిబ్రవరిలో పంచాయతీలు, మార్చిలో మునిసిపాలిటీలు, ఏప్రిల్‌లో మండల, జిల్లా పరిషత్తులు. వరసగా ఎన్నికలే. అప్పగించిన తుపాకి ఒక స్టేషన్ మూలన పడి, తిరిగి చేతికొచ్చేసరికి గొట్టం లోపల తుప్పు. నూనె గుడ్డ దూర్చి ఎన్ని మాట్లు లాగినా ఆ ఎర్రమచ్చ పోలేదు. రాయలసీమలో ఎన్నికలంటే ఏమిటో నాకు తెలుసు, జాగ్రత్త ఉండాల్సిందే. 2015 నవంబరులో చిత్తూరులో మేయరును నగరపాలక కార్యాలయంలోనే కాల్చి చంపిన సంగతి ఈ జిల్లాలో ఎవరూ మరిచిపోలేదు. అధికారుల భయాన్ని నేను కొట్టెయ్యను. కానీ మనిషినిబట్టి, అతని చరిత్రనుబట్టి చూసి తీసుకోమనే కదా హైకోర్టులు కూడా చెప్పింది. కేసు లేని, గొడవ లేని అడవంచు రైతునూ, ముఠా కట్టినవాణ్ణీ ఒకే గాటన కట్టేస్తే ఎలా?

ఇదంతా తుపాకి సంగతి. తూటా సంగతి ఇంకా ఘోరం. 1980ల మధ్యలో బయటి సరుకు రావడం ఆగింది. అప్పటినుంచి మనకు దిక్కు సర్కారు కర్మాగారాలే. పన్నెండు బోరు తూటా అంటే పూణె పక్క ఖడ్కీ. 1869లో తెల్లోళ్ళు తమ సైన్యం కోసం పెట్టిన కర్మాగారం అది. తూటా అడుగున ‘కేఎఫ్’ అని గుర్తుండేది. 2021 అక్టోబరు 1న ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ బోర్డును ఏడు కంపెనీలుగా విడగొట్టారు, ఖడ్కీ మ్యునిషన్స్ ఇండియా లిమిటెడ్ కిందికి పోయింది. బోర్డు మారింది, యజమాని మారలేదు. లైసెన్సు ఇచ్చేదీ సర్కారే, ఏడాదికి ఎన్ని తూటాలో నిర్ణయించేదీ సర్కారే, ఆ తూటా చేసేదీ సర్కారే, ఎన్నికలకు తుపాకి దించుకునేదీ సర్కారే. ఇందులో రైతు తరఫున ‘ఇది అన్యాయం’ అని చెప్పగల చెయ్యి ఒక్కటైనా ఉందా?

నాకు ఈ ఆలోచన గట్టిగా పట్టుకుంది అమెరికాలో జరిగిన సంగతులు తెలిశాక. మా మేనల్లుడు టెక్సాస్‌లో ఉంటాడు. అక్కడ తుపాకి కొనుక్కున్న తెలుగువాళ్ళలో వాడూ ఒకడు. ‘మామా, నేను హోర్నడీ తూటాలే కొంటాను’ అన్నాడు. ఎందుకురా అంటే కథ చెప్పాడు. హోర్నడీ నెబ్రాస్కా రాష్ట్రంలో గ్రాండ్ ఐలండ్ అనే ఊళ్ళో ఉన్న కుటుంబ కంపెనీ, 1949లో పెట్టింది. 2018లో న్యూయార్కు గవర్నరు, తుపాకి సంఘాలతో సంబంధాలు పెట్టుకుంటే పేరు చెడుతుంది, ఆలోచించుకోండని బ్యాంకులకూ బీమా కంపెనీలకూ చెప్పించాడు. దానికి జవాబుగా, న్యూయార్కు రాష్ట్ర సర్కారుకూ దాని శాఖలకూ తెలిసి తెలిసి మా తూటా అమ్మనివ్వం అని హోర్నడీ వాళ్ళు ప్రకటించారు. ఆ ఒత్తిడి మీద తుపాకి సంఘం వేసిన దావా సాగి సాగి 2024లో వాళ్ళ సుప్రీంకోర్టుకు చేరితే, తొమ్మిదిమంది న్యాయమూర్తులూ ఒక్క మాట మీద సంఘం వాదనలో పస ఉందన్నారు.

అంతకుముందు కూడా ఇలాంటివి ఉన్నాయి. పెద్ద బోరు రైఫిలు చేసే బ్యారెట్ అనే ఆయన, తన రైఫిలును ఊళ్ళో జనానికి నిషేధించాలని లాస్ ఏంజెలెస్ పోలీసులు చూపెడితే, ఆ పోలీసుల రైఫిలును నేను బాగుచెయ్యనని 2002లో ఉత్తరం రాశాడు. 2004లో కాలిఫోర్నియా నిషేధం తెచ్చాక ఆ రాష్ట్ర సర్కారుకు అమ్మకమే మానేశాడు. 2013లో న్యూయార్కు తుపాకుల మీద కొత్త చట్టం తెచ్చినప్పుడు ఒలింపిక్ ఆర్మ్స్, లరూ టాక్టికల్ లాంటి కంపెనీలు అదే మాట అన్నాయి: పౌరుడికి ఏది వద్దన్నారో అది మీకూ ఇవ్వం. కొనేవాళ్ళు ఊరుకున్నారా? ఆ కంపెనీల సరుకే వెతికి కొన్నారు. ఎదురు వైపు కూడా చూపించారు. 2000లో తుపాకులు చేసే స్మిత్ అండ్ వెసన్ తుపాకుల కట్టడికి సర్కారుతో ఒప్పందం చేసుకుంటే వాళ్ళ సరుకు ముట్టుకోలేదు. అమ్మకాలు పడిపోయి మరుసటేడు ఆ కంపెనీ ఒకటిన్నర కోటి డాలర్లకే చేతులు మారింది. అంత పాత కంపెనీ!

ఆ 2013 చట్టం ఎందుకొచ్చిందో కూడా చెప్పాలి. అంతకు నెల ముందు న్యూటౌన్ అనే ఊళ్ళో ఒకడు బడిలోకి దూరి ఇరవైమంది పసిపిల్లల్నీ ఆరుగురు పెద్దల్నీ కాల్చి చంపాడు. ఆ తల్లుల కడుపుకోత ముందు ఏ తుపాకి హక్కు గురించి మాట్లాడాలన్నా నోరు రాదు. అమెరికా మాదిరి ఎవడికి పడితే వాడికి, ఏది పడితే అది ఇవ్వమని నేను అడగడం లేదు. మన దేశం లైసెన్సు పెట్టింది సరే. ఆ కంపెనీలు అమ్మనన్నందుకు న్యూయార్కు పోలీసులకు తూటాలు కరువు కాలేదు కూడా, వేరేవాళ్ళ దగ్గర కొనుక్కుంటారు. నా మనసుకు పట్టింది వేరే సంగతి. తన దగ్గర కొనే మామూలు మనిషి కోసం పెద్ద బేరాన్ని వదులుకున్నాడు ఒక వ్యాపారి. కొనేవాడు దాన్ని గుర్తుపెట్టుకుని రెండు డాలర్లు ఎక్కువైనా వాడి దగ్గరికే పోయాడు. మా అంగడాయనకూ మా నాయనకూ మధ్య ఉన్నది అదే కదా.

మనకు ఆ దారి లేదు. ఖడ్కీ వాళ్ళు కలెక్టరుకు అమ్మనంటారా? అందుకే కొనేవాళ్ళైనా ఒక్కటిగా ఉండాలి. ఉంటే పని జరుగుతుందని 2019లో చూశాం. ఒక లైసెన్సు మీద మూడు తుపాకులుండేదాన్ని ఒక్కటికి దించుతామని బిల్లు తెచ్చారు. ఉత్తరాది లైసెన్సుదారులు, రాజస్థాన్, పంజాబ్ ఎంపీలు గోల పెట్టారు. చివరికి రెండు అయింది, లైసెన్సు గడువు మూడేళ్ళ నుంచి అయిదేళ్ళకు పెరిగింది. ఆ గోలలో చిత్తూరు జిల్లా గొంతు నాకు వినపళ్ళేదు. పక్కన కొడగు చూడండి. తెల్లోళ్ళ కాలంలో వచ్చిన లైసెన్సు మినహాయింపును అక్కడి కొడవలు ఇప్పటికీ వదల్లేదు, కేంద్రం దాన్ని 2029 దాకా పొడిగించింది. కేసు కోర్టుకు పోతే అక్కడా నిలబెట్టుకున్నారు. వాళ్ళ ఇళ్ళల్లో తుపాకిని కడిగి, పూలు పెట్టి, పండగ చేస్తారు.

మన కుర్రకారు ఏం చేస్తోంది? తుపాకి పట్టుకుని ఫొటో దిగి ఫోన్లో పెడతారు. పెళ్ళి ఊరేగింపులో గాల్లోకి కాలుస్తారు. అలాంటి ప్రతి ఒక్కడి వల్ల పది మంది రైతుల అర్జీలు వెనక్కి పోతాయి. మా రోజుల్లో తుపాకి గోడకు పెట్టాలంటే ముందు గొట్టం విప్పి రెండు కళ్ళతో చూసుకుని, తూటాలు వేరే పెట్టెలో పెట్టి తాళం వేసేవాళ్ళం. పిల్లోడు తుపాకి వైపు చెయ్యి చాపితే మా జేజి చేతి మీద కొట్టేది.

లైసెన్సు దొరకని చోట రైతు ఏం చేస్తున్నాడో పైవాళ్ళకు తెలియదా? చేను చుట్టూ కరెంటు తీగ లాగుతున్నాడు. పంది కోసం పెట్టిన తీగకు ఏనుగు పడుతుంది, పక్క చేను రైతు పడతాడు, నీళ్ళు కట్టడానికి పోయిన సొంత కొడుకు పడతాడు. మోతతో పోయేదానికి ప్రాణం తీసే తీగ. మా పక్క కౌండిన్య అభయారణ్యం 1990లో పెట్టారు, అంతకుముందే 1980ల్లో ఏనుగులు ఈ పక్కకు దిగాయి. ఇన్నేళ్ళకు 2025లో కర్ణాటక నుంచి, అడవి ఏనుగుల్ని తరమడం నేర్పిన కుంకీ ఏనుగులు తెచ్చి ముసలిమడుగు దగ్గర పెట్టారు. మంచి పనే, సంతోషించాను. కానీ పందిని తరమడానికి కుంకీ రాదు. పంటకు నష్టం చేసే జంతువును కాల్చడానికి అనుమతిచ్చే అధికారం వన్యప్రాణి చట్టం 11వ సెక్షన్‌లోనే ఉంది. 2022లో కేరళ ఆ పని స్థానిక సంస్థలకు అప్పజెప్పి, లైసెన్సు తుపాకి ఉన్నవాళ్ళను పిలిచి చేయించింది. అక్కడ సర్కారే లైసెన్సుదారును పనికొచ్చే మనిషిగా చూసింది.

పలమనేరు, కుప్పం, పుంగనూరు, భాకరాపేట పక్కల పాత లైసెన్సు ఉన్న ప్రతి ఇంటికీ నేను చెప్తున్నది ఇదే. వారసుడి అర్జీకి రసీదు అడగండి. తిరస్కరిస్తే 14వ సెక్షన్ ప్రకారం కారణం రాసిమ్మనండి, 18వ సెక్షన్ కింద అప్పీలు వెయ్యండి. ఎన్నికలకు తుపాకి అప్పగించేటప్పుడు గొట్టం లోపల ఎలా ఉందో రసీదు మీద రాయించుకోండి. తూటాలు దొరక్కపోతే మ్యునిషన్స్ ఇండియాకు ఉత్తరం రాయండి, ఒక్కరు కాదు, మండలం మొత్తం సంతకాలు పెట్టి. ప్రైవేటువాళ్ళకు తూటాలు చేసే అనుమతులు ఇప్పుడు ఇస్తున్నారు. రేపు ఎవరైనా మన పక్క రైతుకు పన్నెండు బోరు తూటా నమ్మకంగా చేసి, ‘వీళ్ళకు లైసెన్సు ఎందుకివ్వరు’ అని ఢిల్లీలో అడిగితే, ధర నాలుగు రూపాయలు ఎక్కువైనా నేను వాళ్ళ పెట్టె తప్ప వేరేది కొనను. మా మనవడికీ అదే చెప్పాను. వాడి అర్జీ ఇంకా బల్ల మీదే ఉంది.