శుక్రాచార్యులవారి పింఛను అర్జీ

శుక్రాచార్యులవారు ఇవాళ బెజవాడలో ఉంటే ఆయనకు వికలాంగుల పింఛను రాదు. వామనుడి దర్భపోటుకి ఒక కన్ను పోయిన మాట నిజమే. కానీ రెండోది నిక్షేపంలా ఉంది కదా! కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాల పట్టిక ప్రకారం ఒక కన్ను బాగుండి, రెండో కంటికి అసలు వెలుతురే తెలియకపోయినా ఆ మనిషి వైకల్యం 30 శాతం. పింఛనుకు కావలసింది 40. ఏకలవ్యుడిదీ అదే గతి. బొటనవేలు మొదలంటా నరికి గురువుగారి కాళ్ల దగ్గర పెట్టినా 30 దాటదు. ఇద్దరూ కలిసి ఒక్క అర్జీ పెట్టుకుంటే 60 అయ్యేది గానీ, ఈ పథకంలో జాయింటు ఖాతాలు లేవు.

ఆచార్యులవారి ఫైల్లో ఇంకో తిరకాసు ఉంది. బలి చక్రవర్తి దానం చేయబోతుంటే, ఉన్నదంతా ఊడ్చుకుపోతుంది, ఇవ్వకు అని అడ్డుపడ్డది ఆయనే. అంటే లోకంలో మొట్టమొదటి ఆర్థిక శాఖ కార్యదర్శి అన్నమాట. పింఛన్ల భారం తగ్గించాలని నోట్ ఫైలు రాసిన చేత్తోనే పింఛను దరఖాస్తు నింపాల్సి వస్తే ఆ ముఖం ఎలా ఉంటుందో చూడాలని నాకు మహా సరదా.

సరే, పురాణం కట్టిపెట్టి మన కాలానికి వద్దాం. ముందు మంచి మాట చెప్పుకోవాలి. 2024 జులైలో మన రాష్ట్రంలో దివ్యాంగుల పింఛను 3000 నుంచి 6000 అయింది. పూర్తిగా మంచానపడ్డవారికి 15000. వృద్ధులకిచ్చేది 4000. వికలాంగులకు ఇచ్చే సాయం అలాంటి ఇతర పథకాలకన్నా కనీసం 25 శాతం ఎక్కువ ఉండాలని 2016 నాటి హక్కుల చట్టం 24వ సెక్షన్ చెబుతుంటే, మనవాళ్లు 50 శాతం ఎక్కువే ఇస్తున్నారు. అదే ఢిల్లీవారి జాతీయ వికలాంగుల పింఛను చూడండి. 80 శాతం వైకల్యం చూపించాలి, నెలకు 300 పుచ్చుకోవాలి. అవిటితనం రెట్టింపు, సొమ్ము ఇరవయ్యో వంతు. కాబట్టి ఇచ్చే చెయ్యి మనదే పెద్దది, అందులో పేచీ లేదు.

పేచీ అంతా ఆ తర్వాత మొదలైంది. సొమ్ము పెరిగేసరికి సర్కారువారి చూపు కూడా పెరిగింది. 3000 ఇచ్చినన్నాళ్లూ కంటికి ఆనని బోగస్ సర్టిఫికెట్లు 6000 కాగానే బారులు తీరి కనబడ్డాయి. 2025 జనవరి నుంచి డాక్టర్ల బృందాలు తిరిగి పరీక్షలు మొదలుపెట్టాయి. ఆగస్టు వచ్చేసరికి రాష్ట్రమంతటా లక్షకు పైగా ఇళ్లకు పింఛను ఆపేస్తామంటూ నోటీసులు వెళ్లాయి. ప్రతి నెలా ఒకటో తారీఖున తలుపు తట్టి పింఛను ఇచ్చే సచివాలయం ఉద్యోగే ఈసారి కాగితం ఇచ్చి సంతకం పెట్టించుకున్నాడు.

దొంగ సర్టిఫికెట్లు లేవని నేననను. ఒకటో తారీఖు పొద్దున చెవిటివాడై, మధ్యాహ్నానికి సెల్‌ఫోన్లో గంటల తరబడి పొలం బేరాలాడే మహానుభావుడు ఏ ఊళ్లో లేడు? వాణ్ణి పట్టుకోవలసిందే. తీసుకున్నదంతా కక్కించవలసిందే. కాకపోతే వల వేసిన తీరు చూడండి.

గుడివాడ వైపు మాకు తెలిసిన ఒక టైలరున్నాడు. పసితనంలో పోలియో వచ్చి ఎడమకాలు చచ్చుబడింది. తొడ నుంచి మడమ దాకా ఇనుప కడ్డీలు, తోలు పట్టీలు ఉన్న కాలిపర్ కట్టుకుంటే గానీ నిలబడలేడు. చాన్నాళ్ల కిందట వైకల్యం శాతం కట్టే సదరం క్యాంపులో సర్కారు డాక్టరుగారు 68 శాతమని రాసి, సర్కారు ముద్ర కొట్టి, సర్కారు కంప్యూటర్లోంచి సర్టిఫికెట్ తీసి ఇచ్చారు. మొన్న ఒక పెద్దాసుపత్రిలో ఇంకో సర్కారు డాక్టరుగారు టేపు పెట్టి రెండు తొడలూ కొలిచారు. ఊరందరి కొలతలూ తీసినవాడు కదా, టేపు వదులుగా పట్టుకున్నారని అతనికి తెలుస్తూనే ఉంది. చెబితే కోప్పడతారని ఊరుకున్నాడు.

"ఏం పని చేస్తావయ్యా?"

"టైలరింగండి."

"మరి మిషను ఎలా తొక్కుతున్నావు?"

"తొక్కనండి. మోటారు పెట్టించుకున్నా."

డాక్టరుగారు ఏదో రాసుకున్నారు. తర్వాత వచ్చిన నోటీసులో 37 శాతం అని ఉంది. మోటారుకి ఎంత కోశారో, వదులు టేపుకి ఎంత కోశారో అందులో లేదు.

ఒక్క లెక్క మాత్రం తేలింది. ఆ కాలు మందూ మాకూ లేకుండా 31 శాతం బాగుపడింది. మన దేశంలో పోలియో లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లో యోగ్యతాపత్రం ఇచ్చింది. అది కొత్తగా రాకుండా ఆపినందుకు. ఎప్పుడో వచ్చేసిన పోలియోని టేపుతో వెనక్కి పంపించిన ఘనత కృష్ణా తీరానిది. ఈ సంగతి జెనీవాకి ఎవరైనా తెలియజేస్తే బాగుండును.

ఇక అప్పీలు. నోటీసు, పాత సర్టిఫికెట్, ఆధార్ జిరాక్సులు పట్టుకుని పల్లెలోవాళ్లు ఎంపీడీవో ఆఫీసుకి, పట్నంలోవాళ్లు మున్సిపల్ కమిషనర్ ఆఫీసుకి వెళ్లాలి. తర్వాత మళ్లీ పరీక్షకు తేదీ, ఆసుపత్రి చెబుతారు. నాగాయలంక దగ్గర లంకలో ఉండే ముసలమ్మకు బందరులో పరీక్ష పడిందనుకోండి. ఆవిణ్ని బస్సెక్కించడానికి కొడుకు కూలి మానుకోవాలి, దించడానికి కండక్టరు సాయం పట్టాలి, ఆసుపత్రి మెట్ల దగ్గర ఇంకెవరో చెయ్యందించాలి. నడవలేనని నిరూపించుకోవడానికి ఎంత నడక కావాలో ఈ అప్పీలు చేసుకున్నవాళ్లని అడగండి. అయితే చార్జీ గురించి ఆవిడకు దిగులక్కర్లేదు. నోటీసులు వెళ్లిన ఆ ఆగస్టులోనే, 15వ తేదీ నుంచి, ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం మొదలైంది. ఒక చేత్తో నోటీసు, ఇంకో చేత్తో దాన్ని మోసుకెళ్లడానికి సున్నా టిక్కెట్టు. శాఖల మధ్య సమన్వయం లేదని అన్నదెవరండీ?

అప్పీలు తెమలకపోతే కలెక్టరేట్లో సోమవారం అర్జీలు ఉండనే ఉన్నాయి. ఒకప్పుడు దాని పేరు 'మీకోసం'. తర్వాత 'స్పందన' అయింది. ఇప్పుడు 'ప్రజా సమస్యల పరిష్కార వేదిక'. పింఛను పేరూ అంతే. ఎన్టీఆర్ భరోసా వైఎస్సార్ పెన్షన్ కానుక అయి, మళ్లీ ఎన్టీఆర్ భరోసా అయింది. ప్రభుత్వం మారినప్పుడల్లా బోర్డు రాసేవాడికి పని దొరుకుతోంది. అర్జీ పట్టుకుని కూర్చున్నవాడికి మాత్రం సోమవారం తర్వాత సోమవారమే దొరుకుతోంది.

ఈ రోగం మనకొక్కరికే లేదు, దొరలకూ ఉంది. బ్రిటన్ దర్శకుడు కెన్ లోచ్ తీసిన 'ఐ, డేనియల్ బ్లేక్' సినిమా 2016లో కేన్స్‌లో పెద్ద బహుమతి కొట్టింది. అందులో గుండెపోటు వచ్చిన వడ్రంగిని డాక్టరు పని చెయ్యొద్దంటుంది, ఆఫీసు చేయగలవంటుంది. పాపం, అప్పీలు విచారణ రోజునే అతను ప్రాణం వదులుతాడు. అక్కడ వికలాంగుల భృతి నిరాకరించినప్పుడు ట్రిబ్యునల్ దాకా పోరాడినవారిలో సగానికి పైగా గెలుస్తూ వచ్చారు. అంతమంది నెగ్గుతున్నారంటే అర్థమేమిటి? మొదటి కొలత తీసినవాడి టేపు బాగోలేదనే కదా!

మన దగ్గరా ఊరూరా చంకకర్రలు, మూడు చక్రాల బళ్లు రోడ్డెక్కాక, అప్పీలు చేసుకున్నవారికి తేలేదాకా పింఛను ఆపబోమని ప్రభుత్వం చెప్పింది. సంతోషం. ఆ మాట నోటీసులోనే మొదటి వాక్యంగా ఉండి ఉంటే ఇంతమంది గుండెలు జారేవి కావు.

ఇంకో అనుమానం మిగిలింది. లక్ష సర్టిఫికెట్లు తప్పయితే వాటి మీద సంతకాలూ తప్పే. అవేమీ పుల్లట్లు అమ్ముకునేవాళ్లు పెట్టినవి కావు. సంతకం చేయించుకున్నవాడి తలుపు కొట్టారు, బాగానే ఉంది. సంతకం పెట్టినవారి తలుపులు ఎన్ని కొట్టారో ఆ జాబితా కూడా సచివాలయం గోడకు అంటిస్తే ఊళ్లోవాళ్లు చదువుకుంటారు. ఒకవేళ పాత డాక్టరుదే ఒప్పయితే, అప్పుడు కొత్త డాక్టరుగారి టేపుకి ఎవరు నోటీసు ఇస్తారు? ఒకే కాలికి రెండు సర్కారు సంతకాలు రెండు లెక్కలు చెబుతుంటే, ఆ తేడాకి మూల్యం కట్టాల్సింది కాలు చచ్చుబడ్డవాడు మాత్రం కాదు.

కాబట్టి నోటీసు అందినవారికి ఒక మాట. సిగ్గుపడకండి, భయపడకండి. సర్టిఫికెట్ మీద అప్పీలు ఎవరి దయా కాదు, 2016 చట్టం 59వ సెక్షన్ ఇచ్చిన హక్కు. శాతం ఎలా వేశారో కొలతల కాగితం అడగండి. కొత్త పరీక్షకు పాత రిపోర్టులన్నీ పట్టుకెళ్లండి. వకీలు కావాలంటే, వికలాంగులకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలని 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టంలో ఉంది. అన్నిటికన్నా ముఖ్యం, అర్జీ ఇచ్చాక తేదీ వేసిన రసీదు చేతిలో పడేదాకా ఆ ఆఫీసు గుమ్మం దిగకండి.