అరటిపండుకు ఆరు కుట్లు

మా మనవరాలు డాక్టరైపోయింది. వయసు 15. చదువు పదో తరగతి. డాక్టరీకి పట్టిన కాలం 14 రోజులు. అందులో ఒక ఆదివారం బౌలింగ్ ఆటకూ, ఇంకో ఆదివారం ఐస్‌క్రీముకూ పోయింది.

ఆరునెలల వీసా మీద న్యూజెర్సీలోని ఎడిసన్‌కు, కొడుకింటికి వచ్చిన తాతను నేను. గుంటూరు జిల్లాలో ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో 31 ఏళ్లు ఫార్మసిస్టుగా చేశాను. ఊరికి మాత్రం కాంపౌండరుగారినే. డాక్టరు పోస్టు ఖాళీగా ఉన్న రోజుల్లో కొడవలికి తెగిన కాళ్లకు కుట్లు వేసిన చెయ్యి ఇది. వైద్యవిద్య గురించి మాట్లాడే అర్హత నాకు లేదంటే ఒప్పుకుంటాను. కుట్ల గురించి మాట్లాడొద్దంటే మాత్రం ఒప్పుకోను.

కథ ఫిబ్రవరిలో వచ్చిన ఉత్తరంతో మొదలైంది. మందపాటి కాగితం, మీద బంగారురంగు ముద్ర. పిల్లలోని అసాధారణ ప్రతిభను గుర్తించి, వేసవిలో మెడిసిన్, న్యూరోసైన్స్ కోర్సుకు ఎంపిక చేశామని సారాంశం. ఆ ప్రతిభ వాళ్లకెలా తెలిసిందని అడిగాను. "స్కూల్లో ఏదో ఫారం నింపేటప్పుడు మెడిసిన్ అన్న గడిలో టిక్కు పెట్టింది మామయ్యగారూ" అంది కోడలు. అదే వారం ఆ వీధిలో మన తెలుగువాళ్ల నాలుగిళ్లకూ అదే ఉత్తరం వచ్చిందని తర్వాత తెలిసింది. అప్పుడెందుకు తెలియలేదంటే, దిష్టి తగులుతుందని ఎవరికి వాళ్లు దాచుకున్నారు.

ఫీజు 5,800 డాలర్లు. మన లెక్కలో సుమారు అయిదు లక్షలు. ప్రతిభ అసాధారణం కాబట్టి రేటు కూడా అసాధారణమే.

కోర్సు ఒక పేరుమోసిన యూనివర్సిటీలో. ఇక్కడ కాస్త వ్యాకరణం అవసరం. అమెరికాలో ఇలాంటి కోర్సులు రెండు రకాలు. యూనివర్సిటీ తానే నడిపేవి ఒక రకం. వేసవిలో పిల్లల్లేక బోసిపోయిన హాస్టలు గదుల్నీ, క్లాసు గదుల్నీ అద్దెకు తీసుకుని బయటి కంపెనీ నడిపేవి రెండో రకం. మొదటిది యూనివర్సిటీ యొక్క కోర్సు. రెండోది యూనివర్సిటీలోని కోర్సు. 'కిన్, కున్, యొక్క, లోన్, లోపలన్' అన్నీ కలిపి షష్ఠీ విభక్తి అని చిన్నప్పుడు బెత్తం దెబ్బలతో నేర్చుకున్నాం. ఆ కంపెనీ వాళ్లూ అదే బడిలో చదివినట్టున్నారు. 'యొక్క'కూ 'లోన్'కూ తేడా లేకుండా చేసి, రెండింటికీ ఒకే విభక్తి, ఒకే ఫీజు పెట్టారు. కల్యాణమండపం అద్దెకు తీసుకున్నవాడు ఆ మండపానికి అల్లుడైపోడని ఎవరూ వాళ్లకు చెప్పినట్టు లేదు.

చివరి రోజు తల్లిదండ్రులతో పాటు నన్నూ తీసుకెళ్లారు. 90 మంది పిల్లలకు 90 తెల్లకోట్లు తొడిగారు. ఈ తెల్లకోటు వేడుకకు ఒక చరిత్ర ఉంది. 1993లో కొలంబియా యూనివర్సిటీ వైద్యకళాశాలలో ఆర్నాల్డ్ గోల్డ్ అనే పిల్లల నరాల వైద్యుడు దీన్ని ప్రారంభించాడు. డాక్టరీ చేతికొచ్చాక ప్రమాణం చేయిస్తే ఆలస్యమైపోతుంది, మొదటిరోజే కోటు తొడిగి రోగి పట్ల బాధ్యత గుర్తుచెయ్యాలన్నది ఆయన ఆలోచన. ఇక్కడ ఆ ఆలోచనను మరీ ముందుకు జరిపారు. కాలేజీకి ముందు, ఇంటరుకు ముందు, మీసాలకు ముందు. ఇదే ఊపులో పోతే వచ్చే ఏడాది బారసాలలో ఉయ్యాల పక్కన తెల్లకోటు పెడతారు. అన్నప్రాశన నాడు పుస్తకం, కలం, డబ్బు వరసలో స్టెతస్కోపు ఎలాగూ మనవాళ్లే చేర్చేశారు.

తర్వాత ప్రదర్శన. మా పిల్ల బల్ల మీద అరటిపండు పెట్టి, తొక్కను నిలువునా కోసి, ఆరు కుట్లు వేసి చూపించింది. బాగా వేసింది, అబద్ధమెందుకు. ముడి సమంగా పడింది, దూరం సరిపోయింది. కొడుకు వీడియో తీశాడు. కోడలి కళ్లు చెమర్చాయి. అరటిపండు మాత్రం అరవలేదు. నేను కుట్లు వేసిన ఒక్క కాలూ అలా నోరుమూసుకుని ఉండలేదు. ఒకడు అమ్మను తలుచుకునేవాడు, ఇంకొకడు మా అమ్మను తలుచుకునేవాడు. కుట్టు వేయడం చేతిపని. ఆ అరుపు మధ్య చెయ్యి వణక్కుండా ఉండటం వైద్యం. ఆ రెండో పాఠం అరటిపండు చెప్పలేదు.

"రోగుల్ని చూపించారా అమ్మడూ?" అని అడిగాను.

"లేదు తాతయ్యా, ప్రైవసీ. బొమ్మను చూపించారు. దానికి బీపీ కూడా ఉంటుంది."

న్యాయమే. ఒంట్లో బాగాలేని మనిషి మంచం చుట్టూ 90 మంది పదిహేనేళ్ల పిల్లలు నిలబడితే ఆ మనిషికి జబ్బు ఎక్కువవుతుంది. కానీ రోగి లేని వైద్యానికి అయిదు లక్షలంటే, పెళ్లికూతురు లేని పెళ్లికి కట్నం ఇచ్చినట్టుంది.

న్యూరోసైన్సు రోజున గొర్రె మెదడు కోశారట. ఇంటికొచ్చాక కూడా పిల్ల చొక్కా ఫార్మలిన్ వాసన కొట్టింది. 1848లో వెర్మాంట్‌లో ఇనుపకడ్డీ తలలోంచి దూసుకుపోయినా బతికిన ఫినియస్ గేజ్ కథ చెప్పారట. మనిషి మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలున్నాయనీ, ముందుచూపుతో ఆలోచించి దూకుడుకు కళ్లెం వేసే నుదుటి వెనక భాగం పాతికేళ్లకు గానీ పూర్తిగా పండదనీ చెప్పారట. ఈ ముక్క నాకు బాగా నచ్చింది. పదిహేనేళ్ల పిల్లకు ఆ భాగం పండలేదు, సరే. చెక్కు మీద సంతకం పెట్టిన నలభై అయిదేళ్లవాడికి ఏమైందో కూడా ఒక క్లాసు పెట్టాల్సింది.

మెచ్చుకోవలసింది ఒకటుంది. గుండె ఆగిన మనిషి ఛాతీని నిమిషానికి 100 నుంచి 120 సార్లు, రెండంగుళాల లోతున నొక్కడం నేర్పారు. ప్రాణం నిలబెట్టే విద్య అది. రెడ్‌క్రాస్ వాళ్లు దాన్ని ఒక పూటలో నేర్పుతారు. మిగతా 13 రోజుల పైచిలుకు దేనికో బౌలింగ్ నిర్వాహకుల్ని అడగాలి.

ఇంతా చేసి, దీనివల్ల కాలేజీ సీటు వస్తుందా? వేసవి కోర్సులో చేరడానికీ డిగ్రీ ప్రవేశానికీ సంబంధం లేదని పెద్ద యూనివర్సిటీలు తామే చెబుతాయి. ఆ మాట చిన్న అక్షరాల్లో ఉంటుంది. మన కళ్లజోడు పెద్ద అక్షరాలకే అలవాటుపడింది. అమెరికాలో డాక్టరు కావాలంటే మామూలుగా హైస్కూలు తర్వాత నాలుగేళ్ల డిగ్రీ, 528 మార్కులకు ఎంక్యాట్ అనే ప్రవేశ పరీక్ష, నాలుగేళ్ల మెడిసిన్, ఆపైన మూడు నుంచి ఏడేళ్ల రెసిడెన్సీ. పదో తరగతి పిల్లకు ఎంత తక్కువ చూసినా ఇంకా 13 ఏళ్ల దారి. ఆ దారి మొదట్లో కొబ్బరికాయ కొట్టినందుకే అయిదు లక్షలు తీసుకున్నారు. బండి ఇంకా షెడ్డులోనే ఉంది.

అలాగని వేసవి చదువులన్నీ దండగ అనను. 1984లో మొదలై, ఇప్పుడు మసాచుసెట్స్‌లోని ఎంఐటీలో జరుగుతున్న రీసెర్చ్ సైన్స్ ఇన్‌స్టిట్యూట్ ఏటా వందమంది దాకా హైస్కూలు పిల్లల్ని వడపోసి తీసుకుంటుంది. చదువు, తిండి, బస ఉచితం. 1955 వేసవిలో మెయిన్ రాష్ట్రంలోని జాక్సన్ లేబరేటరీకి డేవిడ్ బాల్టిమోర్ అనే హైస్కూలు కుర్రాడు వెళ్లాడు. అక్కడ పెద్దన్నలా దారి చూపినవాడు హోవర్డ్ టెమిన్. ఇరవయ్యేళ్లకు, 1975లో, ఆ ఇద్దరూ వైద్యంలో నోబెల్ పంచుకున్నారు. వాళ్లకు అరటిపండు ఇచ్చారో లేదో చరిత్రలో లేదు.

దీన్నిబట్టి నాకు తెలిసిన సూత్రం చిన్నది. డబ్బు ఎటునుంచి ఎటు పారుతుందో చూడండి. వాళ్లు నిజంగా ఎంపిక చేసుకుంటే ఖర్చు వాళ్లు పెట్టుకుంటారు. ఖర్చు మీరు పెట్టుకుంటే ఎంపికైంది మీ పిల్ల కాదు, మీ బ్యాంకు ఖాతా.

ఈ మాటలు కొడుకుతో అన్నాను. వాడు కాసేపు ఊరుకుని, "నువ్వు నన్ను విజయవాడ హాస్టల్లో బైపీసీలో వేసినప్పుడు ఎవర్నడిగావు నాన్నా?" అన్నాడు.

నా దగ్గర సమాధానం లేదు. నా తలుపు ముందు డాక్టరుగారి బోర్డు చూసుకోవాలన్న కోరికతో వాణ్ని పంపాను. రెండేళ్లు నాలుగింటికి లేచాడు. సీటు రాలేదు. ఎంసీఏ చేసి, సాఫ్ట్‌వేరులో చేరి, సముద్రం దాటాడు. నేను తగిలించలేని బోర్డుకు వాడిప్పుడు డాలర్లు పోసి మేకు కొడుతున్నాడు. ఆ కంపెనీలు అమ్ముతున్నది వైద్యం కాదు. మా ఇంట్లో రెండు తరాలుగా పెంచి పోషించిన భయాన్నే, బంగారు ముద్ర వేసి, మాకే తిరిగి అమ్ముతున్నారు. సరుకు మాదే, కూలి మాదే, లాభం ఒక్కటే వాళ్లది.

ఆ సాయంత్రం సర్టిఫికెట్టును పటం కట్టించి హాల్లో పెట్టారు. దాని కిందే మా ఆవిడ మాత్రల డబ్బా ఉంటుంది. వారానికి ఏడు గళ్లు, గడికి నాలుగు మాత్రలు. తెల్లకోటు ఇంకా విప్పని మనవరాల్ని పిలిచి, "నాయనమ్మ ఏ మాత్రలు వేసుకుంటుందో చెప్పు" అన్నాను.

"షుగర్‌కి... ఇంకేదో..." అంది.

ఆరు నెలలుగా ఒకే కప్పు కింద ఉన్నారు.

ఎడిసన్‌లో, డాలస్‌లో, ఇంకెక్కడైనా ఉన్న నాయనలారా, వచ్చే ఫిబ్రవరిలో ఆ ఉత్తరం మీకూ వస్తుంది. చెక్కు రాసేముందు పిల్ల చేతికి ఒక తెల్లకాగితం, పెన్ను ఇవ్వండి. నాయనమ్మ పక్కన కూర్చుని ఎక్కడ నొప్పి, ఎప్పటినుంచి, ఏ మాత్ర, ఎన్నిసార్లు, ఏది పడలేదు, అన్నీ అడిగి రాయమనండి. ముసలివాళ్లు అడిగింది ఒకటైతే చెప్పేది పది. ఓపికగా విని, అందులోంచి జబ్బును ఏరుకోవాలి. మెడికల్ కాలేజీలో రోగి మంచం దగ్గర నేర్పే మొదటి విద్య అదే. గంట కూర్చున్నాక కూడా పిల్లకు విసుగు రాకపోతే, ఆ పిల్ల డాక్టరవుతుంది. విసుగొస్తే, 5,800 డాలర్లు మిగిలాయి.