పాత సైకిళ్ల దానం: తుప్పుకి తగ్గ కీర్తి సంపాదించే సూత్రాలు

అమెరికాలో మంచు కరగ్గానే గరాజ్‌లు శుభ్రం చేసే రోజులొస్తాయి. డబ్బాల వెనక రెండు సైకిళ్లు బయటపడతాయి. అమ్మితే ఇరవై డాలర్లు రావు. చెత్తలో వేయడానికి చేయి రాదు. సరిగ్గా ఆ క్షణంలోనే ఆఫ్రికా పేదలు గుర్తుకు రావాలి.

ఇలా ఇచ్చినవాటిని పోగుచేసి ఓడలో పంపే సంస్థలు కొత్తవేం కావు. బోస్టన్‌లోని ‘బైక్స్ నాట్ బాంబ్స్’ 1980లలోనే నికరాగువాకి పంపడం మొదలుపెట్టింది. న్యూజెర్సీలో 1991లో పుట్టిన ‘పెడల్స్ ఫర్ ప్రోగ్రెస్’ ఇప్పటికి లక్షకు పైగా సైకిళ్లు సాగనంపింది. ఇంత జరిగినా, దాతకి పేరొచ్చేలా ఇవ్వడం ఎలాగో ఎవరూ రాసిపెట్టలేదు. ఆ లోటు తీర్చడానికే ఈ సూత్రాలు. గాలికి పోయే పేలపిండి కృష్ణార్పణం అన్నారు పెద్దలు. వీటన్నిటికీ అదే మూలం.

1. ఏ సైకిలు ఇవ్వాలి?

తొక్కడానికి పనికొచ్చేది పొరపాటున కూడా ఇవ్వకండి. రెండు చలికాలాలు పెరట్లో నానింది, చైను బిగుసుకుపోయింది, ఫ్రేము తుప్పుతో చిల్లులు పడింది ఎంచుకోండి. ముందు చక్రం లేదని వాలంటీరు నసిగితే “అక్కడ చక్రాలే దొరకవా ఏంటండీ?” అనండి. ఎక్సర్‌సైజ్ బైకు కూడా తీసుకెళ్లండి. అదీ సైకిలే, కదలదంతే.

26 అంగుళాల మౌంటెన్ బైకు మాత్రం వద్దు. ఆ సైజు టైర్లూ ట్యూబులూ చాలా దేశాల్లో సులువుగా దొరుకుతాయి. అలాంటి సైకిలు ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉంటుంది, ఇచ్చిందెవరో జనం మరిచిపోతారు. దానికన్నా సన్న టైర్ల రేసు సైకిలు నయం. దాని ట్యూబుకుండే ప్రెస్టా వాల్వ్‌కి మామూలు పంపు పట్టదు. మొదటి పంక్చర్‌తోనే అది గోడకి చేరుతుంది, వచ్చేపోయే వాళ్లందరికీ మీ దానగుణం కనబడుతూ ఉంటుంది.

2. డబ్బు అడిగితే

చాలా సంస్థలు సైకిలుతోపాటు రవాణాకని పది డాలర్లో ఇరవయ్యో అడుగుతాయి. ఇక్కడ గట్టిగా నిలబడాలి. “సైకిలూ ఇచ్చి డబ్బూ ఇవ్వాలా?” అని పక్కవాళ్లకి కూడా వినబడేలా అడగండి. లారీ కిరాయి, ఓడ కిరాయి, రేవులో కట్టే రుసుములు మన తలనొప్పి కావు. ఓడవాడు తుప్పు సైకిలు చూడగానే మనసు కరిగి ఊరికే తీసుకెళ్తాడు.

రసీదు మాత్రం మరిచిపోకండి. అందులో సైకిలు ధర వాళ్లు వేయరు, పన్ను లెక్కల్లో మీరే వేసుకోవాలి. మన ఉదారత అసలు బయటపడేది ఇక్కడే. డబ్బు రూపంలో కాని దానాలు మొత్తం 500 డాలర్లు దాటితే 8283 నంబరు ఫారం నింపాలి. కాబట్టి చక్రం లేని సైకిలుకి 499 దగ్గర ఆగిపోవడమే వినయం.

3. సేకరణ కార్యక్రమం

మీ అబ్బాయి ఈగిల్ స్కౌట్ ప్రాజెక్టుకో, కాలేజీ అప్లికేషన్‌కో సేవ కావాలి. సైకిళ్లు పోగుచేయించండి. ముందు తేదీ ప్రకటించాలి. ఆ రోజు లారీ వస్తుందా, వచ్చిన సైకిళ్లు ఎక్కడ పెట్టాలి అని సంస్థవాళ్లని తర్వాత అడగొచ్చు. బ్యానర్ మీద అబ్బాయి ఫొటో పెద్దదిగా, సైకిలు బొమ్మ చిన్నదిగా వేయించండి. తెలుగు సంఘం పెద్దల్ని పిలిచి శాలువాలు కప్పండి. మీక్కూడా ఒకటి కప్పమని ముందే చెప్పి ఉంచండి.

మధ్యలో ఎవరో ఒక పిల్ల స్పానరు పట్టుకుని వచ్చి, “అంకుల్, పెడల్స్ ఎవరు విప్పుతారు?” అంటుంది.

“ముందు ఇటు వచ్చి నిలబడమ్మా, ఫొటోలో పడట్లేదు నువ్వు.”

4. పెడల్స్ సంగతి

అయినా ఆ పిల్ల వదలదు కాబట్టి తెలుసుకోండి. నలభై అడుగుల కంటైనర్‌లో దాదాపు 450 నుంచి 500 సైకిళ్లు పడతాయి. అలా పట్టాలంటే పెడల్స్ విప్పాలి, హ్యాండిల్ ఫ్రేముకి సమంగా తిప్పాలి, సీటు దించాలి. ఈ పని ఎండలో చేయాలి, చేతులకి గ్రీజు అంటుతుంది, శాలువా పాడవుతుంది. అందుకని విప్పకుండానే ఎక్కించేయండి. తక్కిన జాగాలో న్యూజెర్సీ గాలి ఘనాలోని తెమా రేవు దాకా ఓడ ప్రయాణం చేసి వస్తుంది, పాపం అదెప్పుడు చూసింది సముద్రం.

విప్పి తీరాలంటే రెండు పెడల్స్‌నీ ఒకే వైపుకి తిప్పండి. ఎడమ పెడల్ మర తిరగేసి ఉంటుందని ఎవరైనా అంటే అది వాళ్ల నమ్మకం అని ఊరుకోండి. రాకపోతే స్పానరుకి ఇనప గొట్టం తొడిగి, అందరిలోకీ బలమైనవాణ్ణి పిలవండి. మర నలిగిపోయాక రెండో అభిప్రాయం వినబడదు. ఊడివచ్చిన పెడల్స్‌ని ఏ సైకిలువి దానికే కట్టకుండా, అన్నీ ఒకే గోనెలో వేయండి. అవతల మెకానిక్‌కి కాలక్షేపం.

5. కంటైనర్‌లో ఖాళీ

‘పెడల్స్ ఫర్ ప్రోగ్రెస్’ 1999 నుంచి సైకిళ్లతోపాటు కుట్టుమిషన్లు కూడా పంపుతోంది. మీరు అంత ముందుచూపుకి పోవద్దు. ఉన్ని కోట్లు, మంచు తోసే పారలు పంపండి. ఘనాలో మంచు పడదని ఇప్పటిదాకా అన్నారు సరే, రేపటి మాట ఎవరు చెప్పగలరు?

6. కోపం తెచ్చుకోవడం

ఈ విద్యలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. మీరు ఇచ్చిన సైకిళ్లని అక్కడ చాలాచోట్ల ఊరికే పంచరు, తక్కువ ధరకి అమ్ముతారు. ఆ డబ్బుతో మెకానిక్‌కి జీతమిస్తారు, తర్వాతి కంటైనర్ ఖర్చు కొంత పూడుస్తారు. ‘విలేజ్ బైసికిల్ ప్రాజెక్ట్’ వాళ్లు ఘనాలో ఒకరోజు రిపేరు పాఠం చెప్పి, నేర్చుకున్నవాళ్లకి తగ్గింపు ధరకి సైకిలిస్తారు. నమీబియాలో ‘బెన్ నమీబియా’ అయితే ఖాళీ అయిన కంటైనర్‌నే సైకిలు షాపుగా మార్చి, స్థానికుల చేతిలో పెట్టింది.

ఇది తెలియగానే మీ గొంతు వణకాలి. “నేను పుణ్యానికిస్తే వాళ్లు వ్యాపారం చేస్తారా!” అని ఉత్తరం రాయండి. మైదానంలో వరసగా నిలబెట్టి, రిబ్బను కట్టి, ఊరికే పంచాలని పట్టుబట్టండి. నెల తిరక్కుండా చైను తెగుతుంది. బాగుచేసే షాపుండదు, షాపు పెట్టడానికి డబ్బుండదు. అప్పుడు మళ్లీ కొత్త సేకరణ, కొత్త బ్యానరు.

‘పెడల్స్ ఫర్ ప్రోగ్రెస్’ పెట్టిన డేవిడ్ ష్వైడెన్‌బాక్ అంతకుముందు అమెరికా సేవాసంస్థ పీస్ కోర్ తరఫున ఈక్వడార్‌లో పనిచేశాడు. అక్కడ సైకిలున్న ఒక వడ్రంగి, నడిచివెళ్లే తోటివాళ్లకన్నా దూరం వెళ్లి ఎక్కువ పని చేసుకోవడం చూశాడు. ఆ సంగతి మీరు పట్టించుకోకండి. పట్టించుకుంటే సైకిలు బతుకుతెరువుకి పనిముట్టని, అది నడుస్తుండాలని అనిపించే ప్రమాదముంది.

7. ఏం కావాలని అడగకండి

తీసుకునేవాణ్ణి ఏం కావాలని అడిగారో, మీ పని అయిపోయిందే. గేర్లు ఇన్నెందుకు అంటాడు. నీళ్ల క్యాన్లు, మొక్కజొన్న బస్తా, వెనక ఒక పిల్లాడు ఎక్కాలి, గట్టి క్యారియర్ కావాలంటాడు. ట్యూబులు, చైన్లు, బ్రేకు తీగలు, పంపు, స్పానర్లు పంపమంటాడు. వింటూ వింటూ మీ గరాజ్‌కేసి చూస్తే, పనికొచ్చే సామానంతా ఇంకా గోడకే వేలాడుతూ ఉంటుంది. దాన్ని మాత్రం కదపకండి. వచ్చే ఏడాది తుప్పు పట్టించాల్సిన కొత్త సైకిళ్లు బిగించడానికి అది మనకే కావాలి.